షార్జా సీబీఎస్‌ఈ స్కూల్లో 4,500 దిర్హాముల ఆఫర్: కుటుంబంతో గడుస్తుందా?

నరసరావుపేట_ఫిజిక్స్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. షార్జాలో ఒక సీబీఎస్‌ఈ స్కూలు నుంచి 9 నుంచి 12 తరగతులకు ఫిజిక్స్ టీచరుగా ఆఫర్ లెటర్ వచ్చింది. ఏప్రిల్‌లో చేరాలి. జీతం నెలకు 4,500 దిర్హాములు. అందులో బేసిక్ 2,000, హెచ్‌ఆర్‌ఏ 1,700, మిగతా 800 ఇతర అలవెన్సులు. ఇల్లు ఇవ్వరు. స్కూలు బస్సులో రాకపోకలు ఉచితం. ఏడాదికోసారి నాకొక్కడికే విమాన టికెట్, ఇన్సూరెన్స్ కూడా నాకొక్కడికే. పిల్లాడి ఫీజులో సగం తగ్గిస్తారట.

మా ఆవిడ ఎంఏ ఇంగ్లిష్, బీఈడీ. బాబు ఒకటో తరగతిలోకి వస్తాడు. ఇక్కడ కార్పొరేట్ జూనియర్ కాలేజీలో నా చేతికి 52 వేలు వస్తున్నాయి. 4,500 అంటే లక్షా ఎనిమిది వేలు కదా, రెట్టింపు అని ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. ముగ్గురం వెళ్తే ఎంత మిగులుతుంది? దిగేటప్పుడు చేతిలో ఎంత ఉండాలి? సంతకం పెట్టే ముందు ఏమేం అడగాలి? రియాద్ నుంచి కూడా ఒకరు ఇదే అంకె రియాళ్లలో మాట్లాడుతున్నారు. రెండింట్లో ఏది నయం?

షార్జా_లెక్కల_మాస్టారు

మాస్టారూ, ముందు రూపాయల్లోకి మార్చడం ఆపండి. జీతం వచ్చేది దిర్హాముల్లో, ఖర్చయ్యేదీ దిర్హాముల్లోనే. ఇంటికి పంపేదాన్ని మాత్రమే 24తో గుణించాలి.

ముగ్గురికీ నెల లెక్క ఇలా ఉంటుంది. షార్జాలో అల్ నహ్దా, అల్ మజాజ్, మువైలా వైపు మామూలు వన్ బెడ్‌రూమ్ ఏడాదికి 36,000 అనుకుందాం, అంటే నెలకు 3,000. పాత బిల్డింగుల్లో కాస్త తక్కువకి దొరుకుతుంది, కొత్తవాటిలో ఇంతకంటే ఎక్కువే. కరెంటు, నీళ్లు, గ్యాస్ ఏడాది సగటున 400. చలికాలంలో 200కి దిగుతుంది గానీ జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఏసీ రాత్రింబగళ్లు తిరగాల్సిందే. ఇంటర్నెట్ 300, రెండు ఫోన్లకి 120. కిరాణా, కూరలు, పాలు, చికెన్ కలిపి 1,200. బాబు ఫీజు ఏడాదికి 8,000 అయితే సగం పోను 4,000, బస్సు, పుస్తకాలు, యూనిఫాం మరో 3,500. అంటే నెలకు 625. ఆవిడకీ బాబుకీ ఇన్సూరెన్స్ 125. వాళ్ల వీసా, ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) ఖర్చు రెండేళ్లకి పరిస్తే నెలకు 165. వేసవిలో వాళ్లిద్దరి టికెట్లు నెలకు 215 పక్కన పెట్టాలి. మందులు, క్షవరం, చెప్పులు, శుక్రవారం బయట తిండి, ఇవన్నీ కలిపి 300తో సరిపెట్టుకున్నారనుకోండి.

మొత్తం 6,450. మీకొచ్చేది 4,500. నెలకు 1,950 దిర్హాములు ఎదురు పెట్టుకోవాలి. సంబరం అక్కడితో సరి.

ఒంటరిగా వస్తే కథ వేరు. ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి తీసుకునే ఫ్లాట్‌లో షేరింగ్ రూమ్, కరెంటు, వైఫైతో కలిపి 900. వండుకుంటే తిండికి 600. ఫోన్ 60, పైఖర్చులు 250. మొత్తం 1,810. చేతిలో 2,690 మిగులుతుంది, అంటే దాదాపు 64,500 రూపాయలు. అయితే అందులోంచే అక్కడి ఇల్లు కూడా గడవాలి. ఇప్పటి 52 వేలతో పోల్చాల్సింది ఈ అంకెనే, లక్షా ఎనిమిది వేలని కాదు.

తిండి విషయంలో ఒక మాట. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు మరీ మండిపోవు. సోనా మసూరి లులూ, నెస్టో సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది, ఆఫర్ రోజున కొనుక్కుంటే చాలు. జేబుకి చిల్లు పెట్టేవి విమానంలో దిగే ఆకుకూరలు. గోంగూర, మునక్కాడ, లేత బెండకాయ రోజూ కావాలంటే 1,200లో కుదరదు. క్యాబేజీ, వంకాయ, కీరా, ఒమన్ టమాటాలతో సర్దుకునేవాళ్లకి కుదురుతుంది.

ఇల్లు చూసేటప్పుడు బ్రోకర్‌ని ముందుగా అడగాల్సిన ప్రశ్న: చిల్లర్ ఫ్రీనా కాదా? సెంట్రల్ ఏసీ ఉన్న బిల్డింగులో చల్లదనం బిల్లు వేరే కంపెనీ నుంచి వస్తే, అద్దె 2,000 తక్కువని తీసుకున్న ఇల్లు వేసవిలో ఆ తేడా మొత్తం మింగేస్తుంది. ఇంకొకటి, షార్జాలో ఫ్యామిలీ బిల్డింగుల్లో బ్యాచిలర్లని ఉండనివ్వరు. మున్సిపాలిటీ తనిఖీకొస్తే ఖాళీ చేయిస్తారు. కాంట్రాక్టులో ఎవరి పేరుందో, షేరింగ్‌కి ఓనరు ఒప్పుకున్నాడో లేదో చూడకుండా బెడ్‌స్పేస్‌కి (షేరింగ్ రూములో ఒక మంచం చోటుకి) డబ్బు కట్టొద్దు.

ముహైస్నా_మేడం

లెక్కల మాస్టారు చెప్పిన అంకెలు సరిగ్గానే ఉన్నాయి. నేను కాగితాల గురించి చెప్తాను, ఎందుకంటే డబ్బు కారేది ఎక్కువగా అక్కడే.

డిగ్రీ, పీజీ, బీఈడీ సర్టిఫికెట్లకి ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన ఢిల్లీ విదేశాంగ శాఖ, తర్వాత మన దేశంలోని యూఏఈ ఎంబసీ ముద్ర, ఇక్కడ దిగాక మోఫా (యూఏఈ విదేశాంగ శాఖ) ముద్ర. ఈ వరుస మారకూడదు. యూఏఈ అపోస్టిల్ (ఒక్క ముద్రతో విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ) ఒప్పందంలో లేదు కాబట్టి "అపోస్టిల్ చేయించేశాం సార్, చాలు" అనే ఏజెంటు మాట నమ్మితే మళ్లీ మొదటికొస్తుంది. ఒమన్, బహ్రెయిన్, 2022 డిసెంబర్ నుంచి సౌదీ కూడా అపోస్టిల్ తీసుకుంటాయి. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ మీద ముద్ర పడదు, అది జాగ్రత్తగా ఊడదీయించుకోండి. దూరవిద్య బీఈడీ అయితే ఆఫర్ ఒప్పుకునే ముందే స్కూలు హెచ్‌ఆర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి. షార్జా ప్రైవేటు స్కూళ్లు ఎస్‌పీఈఏ (షార్జా ప్రైవేటు విద్యా సంస్థ) కిందికి వస్తాయి, టీచరు నియామకానికి అక్కడి అనుమతి కావాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో తీసుకోవచ్చు, రుసుము 500 రూపాయలు.

మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. టెన్త్ సర్టిఫికెట్లో "కె. శ్రీనివాసరావు", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో పేరు రెండు ముక్కలుగా. ఇక్కడ మూడూ ముగ్గురు మనుషుల కింద లెక్క. ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, పెళ్లి సర్టిఫికెట్లో అత్తింటి పేరు ఉన్నా అంతే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకి విజిట్ వీసా దగ్గరే 2022 నవంబర్ నుంచి చిక్కులున్నాయి. ఇవన్నీ అక్కడ ఉండగానే సరిచేయించండి. ఇక్కడి నుంచి చేయించాలంటే కొరియర్లకీ ఏజెంట్లకీ పోయడమే.

కుటుంబాన్ని తెచ్చుకోవడానికి జీతం 4,000, లేదా 3,000తో పాటు స్కూలిచ్చిన ఇల్లు ఉండాలి. మీకు 4,500 కాబట్టి అర్హత ఉంది. అర్హత ఉన్నంత మాత్రాన స్తోమత ఉన్నట్టు కాదని పైన చూశారుగా. పెళ్లి సర్టిఫికెట్, బాబు జనన ధ్రువపత్రం కూడా పైన చెప్పిన దారిలోనే అటెస్ట్ చేయించి తెచ్చుకోండి. మీరు దిగాక తెప్పించుకుందాంలే అనుకుంటే రెండు నెలలు పోతాయి. అరబిక్ అనువాదం ఇక్కడ లీగల్ ట్రాన్స్‌లేటర్ దగ్గర చేయించాలి, మిగతా దరఖాస్తులు టైపింగ్ సెంటర్‌లో అయిపోతాయి. మీ పేరుతో అటెస్ట్ అయిన ఇంటి కాంట్రాక్టు కూడా అడుగుతారు. బెడ్‌స్పేస్ రసీదుతో ఫ్యామిలీ వీసా రాదు.

ఇన్సూరెన్స్ దగ్గర ఎమిరేట్ ఎమిరేట్‌కీ తేడా ఉంది. అబుదాబిలో భార్యకీ ముగ్గురు పిల్లల వరకూ యజమానే చేయించాలి. దుబాయ్‌లో కుటుంబానిది మీ బాధ్యత. షార్జా, అజ్మాన్ లాంటి చోట్ల 2025 జనవరి 1 నుంచి ఉద్యోగికి యజమాని చేయించడం తప్పనిసరి అయింది. 320 దిర్హాముల బేసిక్ ప్యాకేజీ ఉంది గానీ చూపించుకున్న ప్రతిసారీ మీ వాటా కట్టాలి, వెళ్లగలిగే ఆసుపత్రులూ తక్కువే. చిన్నపిల్లలున్న ఇంటికి కాస్త పై ప్లాన్ చూసుకోవడం మంచిది.

ఇక కాంట్రాక్టు. స్కూలు లెటర్‌హెడ్ మీద వచ్చింది కాదు, మోహ్రే (కార్మిక శాఖ) వెబ్‌సైట్‌లో నమోదయ్యే కాంట్రాక్టే చెల్లుతుంది. రెండింట్లోనూ అంకెలు ఒకటేనా అని చూడండి. మీ బేసిక్ 2,000 మాత్రమే. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున ఇస్తారు. అంటే ఏడాదికి 1,400 దిర్హాములు. మొత్తం 4,500 మార్చకుండా బేసిక్ ఒక్కటీ 3,000కి పెంచమంటే అది 2,100 అవుతుంది. స్కూలుకి నెలవారీ భారం పడదు కాబట్టి అడిగి చూడండి, కొందరు ఒప్పుకుంటారు. ఏడాది నిండకుండా మానేస్తే గ్రాట్యుటీ సున్నా.

జులై, ఆగస్టు సెలవుల జీతం గురించి స్పష్టంగా అడగండి. ఏప్రిల్‌లో చేరినవాళ్లకి మొదటి వేసవి పూర్తి జీతం ఇవ్వని స్కూళ్లున్నాయి. "స్కూల్ పాలసీ ప్రకారం" అన్న మాట కాంట్రాక్టులో కనిపిస్తే ఆ పాలసీ కాగితం పంపమనండి.

వీసా ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు టీచరు దగ్గర వసూలు చేయడం 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం కుదరదు. జీతంలో కోసుకుంటామన్నా, ఒక నెల జీతం డిపాజిట్‌గా ఉంచుకుంటామన్నా, పాస్‌పోర్టు ఆఫీసులో పెట్టమన్నా చట్టవిరుద్ధమే. మన దేశంలో రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ. ఈ-మైగ్రేట్ అనే మన ప్రభుత్వ సైట్‌లో ఏజెంటు లైసెన్సు చూసుకోండి. విజిట్ వీసా మీద రండి, డెమో క్లాసులు చెప్తుండగా మార్పిస్తాం అంటే మాత్రం వద్దు. ఆ వీసా మీద పని చేయడం నేరం, గడువు దాటితే రోజుకి 50 దిర్హాముల జరిమానా మీ నెత్తినే.

బత్హా_కెమిస్ట్రీ

రియాద్ సంగతి చెప్తా. రియాల్ విలువ దిర్హాముకి కాస్త తక్కువ. డాలరుకి రియాల్ 3.75, దిర్హాము 3.6725, రెండూ కట్టేసిన రేట్లే. అసలు దెబ్బ వేరే ఉంది. సౌదీలో కుటుంబ సభ్యుల మీద లెవీ (ప్రభుత్వ రుసుము) నెలకు మనిషికి 400 రియాళ్లు, 2020 జులై నుంచి అదే రేటు. భార్య, ఒక బాబు అంటే నెలకు 800, ఏడాదికి 9,600. ఇకామా (నివాస అనుమతి) రెన్యువల్ నాటికి అడ్వాన్సుగా కట్టాలి. స్కూలు భరిస్తుందా అని అడిగితే నూటికి తొంభై మంది నవ్వి ఊరుకుంటారు. పైగా వ్యాట్ 15 శాతం, యూఏఈలో 5.

దానికి ఎదురుగా రెండు మంచి సంగతులున్నాయి. రియాద్, జెద్దా, దమ్మామ్‌లలో ఎంబసీ ఆధ్వర్యంలో నడిచే ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్లలో ఫీజు తక్కువ. డిపెండెంట్ వీసా మీదున్న ఆడవాళ్లు అజీర్ అనే పని పర్మిట్ తీసుకుని ప్రైవేటు స్కూళ్లలో పాఠాలు చెప్పొచ్చు. స్కూలే ఫ్లాటు ఇస్తే, లెవీ కూడా భరిస్తే రియాద్ ఆలోచించండి. అదే అంకె, ఇల్లు లేకుండా అయితే షార్జాయే నయం.

కువైట్ వైపు వెళ్లేవాళ్లకి కూడా ఒక మాట. దినార్ పెద్దది కదా అని మురిసిపోవద్దు. 250 దినార్లంటే 71 వేల రూపాయల చిల్లరే.

నరసరావుపేట_ఫిజిక్స్

అందరికీ ధన్యవాదాలు. కళ్లు తెరుచుకున్నాయి. రెండు సందేహాలు. ఆవిడకి కూడా ఉద్యోగం దొరికితే లెక్క మారుతుందా? అజ్మాన్‌లో ఇల్లు తీసుకుంటే? ఇంకోటి, అక్కడ పన్ను లేదు సరే, ఇక్కడ కట్టాల్సి వస్తుందా?

ఎన్నారై_ఖాతా_పుస్తకం

పన్ను సంగతి నేను చెప్తానండి. ఉద్యోగం కోసం దేశం విడిచివెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే నాన్-రెసిడెంట్. అప్పుడు షార్జా జీతం ఇక్కడ పన్ను లెక్కలోకి రాదు. మీరు ఏప్రిల్ మొదట్లో వెళ్తున్నారు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు, వేసవిలో రెండు నెలలు వచ్చి ఉన్నా పర్వాలేదు.

ఇబ్బంది పడేది మధ్యలో చేరేవాళ్లు. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే 181వ రోజు సెప్టెంబర్ 28. ఆ తర్వాత బయల్దేరితే ఆ ఏడాదికి రెసిడెంటే, అక్కడి జీతం కూడా చూపించాలి. సెప్టెంబర్ మధ్యలో వెళ్లి డిసెంబర్ సెలవులకి మూడు వారాలు ఇంటికొచ్చినా గీత దాటేస్తారు. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ ఇక్కడ ఉన్నట్టే లెక్కేసుకోవడం క్షేమం. పాస్‌పోర్టు ముద్రలు, బోర్డింగ్ పాసులు దాచుకోండి.

వెళ్లగానే మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా (ఇక్కడి ఆదాయానికి ఎన్నారైలు వాడే ఖాతా) మార్పించి, పంపే డబ్బుకి వేరే ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. ఎన్ఆర్ఈలో వడ్డీకి పన్ను లేదు, ఎన్ఆర్ఓ వడ్డీ మీద టీడీఎస్ గట్టిగానే పడుతుంది. చాలామంది పాత సేవింగ్స్‌లోనే పంపుతుంటారు, ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) ప్రకారం అది తప్పు. ఎక్స్ఛేంజ్‌లో పంపేటప్పుడు ఫీజు బోర్డు కాదు, మీ ఖాతాలో చివరికి ఎన్ని రూపాయలు పడతాయో అడగండి. రేటులో పది పైసలు తగ్గించి ఫీజు లేదనేవాళ్లుంటారు. నెలకి రెండుసార్లు కొంచెం కొంచెంగా పంపితే రెండుసార్లు ఫీజు, కాబట్టి ఒకేసారి పంపండి.

షార్జా_లెక్కల_మాస్టారు

ఆవిడ ఉద్యోగం ఒక్కటే మీ లెక్కని తిప్పుతుంది. ప్రైమరీలో 3,000 వచ్చినా ఇంటికి 7,500 అవుతుంది, 6,450 ఖర్చు పోను 1,050 మిగులుతుంది. రూపాయల్లో పాతిక వేలు. మీరొక్కరే వచ్చి పంపే 64 వేలతో పోలిస్తే తక్కువే, కానీ ముగ్గురూ ఒకచోట ఉంటారు. మీ స్పాన్సర్‌షిప్ మీద ఉండి పనిచేయాలన్నా మోహ్రే వర్క్ పర్మిట్ తప్పనిసరి, స్కూలే తీయాలి. ఆవిడ బీఈడీ సర్టిఫికెట్ కూడా మీ వాటితో పాటే అటెస్ట్ చేయించేయండి. వీలైతే మీ స్కూల్లోనే అడగండి, ఇద్దరూ స్టాఫ్ అయితే ఫీజు రాయితీ పెంచమనొచ్చు.

అజ్మాన్‌లో అదే సైజు ఇల్లు ఏడాదికి ఐదారు వేలు తక్కువ. స్కూలు బస్సు అక్కడికి వస్తుందా అన్నదే ప్రశ్న. రాకపోతే ఆ తేడా టాక్సీలకీ కారు కిస్తీలకీ పోతుంది. మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ నేరుగా మారదు, డ్రైవింగ్ స్కూలు ఫీజులే వేలల్లో ఉంటాయి. దుబాయ్‌లో ఉండి షార్జా స్కూలుకి రావడమన్న ఆలోచన మానుకోండి, అద్దె ఎక్కువ, సాలిక్ అనే రోడ్డు టోలు, ట్రాఫిక్ అదనం.

దిగేటప్పుడు డబ్బు. ఒంటరిగా అయితే 4,000 దిర్హాములు తెచ్చుకోండి. వీసా, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, బ్యాంకు ఖాతా అయ్యేసరికి మొదటి జీతానికి 45 నుంచి 60 రోజులు పట్టొచ్చు. ఆపైనే ఇల్లు. 36,000 అద్దె నాలుగు చెక్కులయితే మొదటిది 9,000, ఏజెంటు కమీషన్ 1,800, డిపాజిట్ 1,800, సేవా (షార్జా కరెంటు, నీళ్ల సంస్థ) డిపాజిట్, మున్సిపాలిటీ అటెస్టేషన్, సెకండ్ హ్యాండ్ మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌కి మూడు నాలుగు వేలు. మొత్తం 17,000 లేనిదే తాళం తీయలేరు. చెక్ బుక్ ఐడీ, జీతం ఖాతా ఉన్నాకే ఇస్తారు, కాబట్టి మొదటి నెలలోనే ఇల్లు తీసుకోవడం ఎలాగూ కుదరదు. చెక్కు బౌన్సయితే ఓనరు నేరుగా కోర్టు అమలు విభాగానికి వెళ్లొచ్చు, ప్రయాణ నిషేధం దాకా పోతుంది.

ప్రొబేషన్ ఆరు నెలల వరకు ఉండొచ్చు, ఆ లోపు స్కూలు 14 రోజుల నోటీసుతో పంపేయొచ్చు. ఏడాది అద్దె చెక్కులిచ్చాక అలా జరిగితే మిగతా చెక్కుల సంగతి మీరే ఓనరు కాళ్లావేళ్లా పడి తేల్చుకోవాలి. అందుకే ఏప్రిల్‌లో మీరొక్కరే రండి. అక్టోబర్‌లో ప్రొబేషన్ అయ్యాక ఇల్లు చూడండి, అప్పటికి వేసవి అద్దెల హడావుడి కూడా తగ్గుతుంది. బాబుని అక్కడే ఒకటో తరగతిలో వేసి, మరుసటి ఏప్రిల్‌కి ఇక్కడ రెండులో చేర్చండి. ఇక్కడి సీబీఎస్‌ఈ స్కూళ్లు కూడా ఏప్రిల్‌లోనే మొదలవుతాయి కాబట్టి ఏడాది పోదు. టీసీ మీద అక్కడి విద్యాధికారి సంతకం, ఆపైన అటెస్టేషన్ కావాలి, అది మర్చిపోవద్దు. ఇంకో సంగతి, వాట్సాప్ కాల్స్ ఇక్కడ పనిచేయవు. బాటిమ్ అనే కాలింగ్ యాప్ ఇప్పుడే వాళ్ల ఫోన్లో వేయించి పెట్టండి.

ముహైస్నా_మేడం

పైదానికి ఒక్క చేర్పు. అక్టోబర్‌లో ఇల్లు తీసుకునేటప్పుడు కాంట్రాక్టుని షార్జా మున్సిపాలిటీలో 15 రోజుల్లోగా అటెస్ట్ చేయించమని ఓనర్ని పట్టుబట్టండి. 2024లో వచ్చిన అద్దె చట్టం ప్రకారం మొదటి మూడేళ్లు మీరు ఒప్పుకుంటే తప్ప అద్దె పెంచకూడదు. నమోదు కాని కాంట్రాక్టు పట్టుకుని ఆ మాట అడగడానికి వెళ్తే ఎవరూ వినరు.

జీతంతో పాటు ఐలో అనే నిరుద్యోగ బీమా కూడా కట్టాలి, మీ బేసిక్‌కి నెలకు 5 దిర్హాములే. స్కూలు కడుతుందిలే అని వదిలేస్తారు, అది కట్టాల్సింది మీరే. కట్టకపోతే 400 జరిమానా.